వాళ్ల పుస్తకంలో మన చోటు

ఇన్వర్‌కార్గిల్,
12 మే 2024

అక్కా,

నీకూ బావకీ వందనాలు.

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఈస్టర్ నాడు ఫోన్లో నువ్వు "ఆక్లాండ్ వచ్చెయ్యరా" అనడం, నేను "రాను" అనడం, ఇద్దరం ఠపీమని పెట్టెయ్యడం అయ్యాక నీ మరదలు కీర్తన ఒక మాట అంది. "మీ అక్కాతమ్ముళ్లు మూడు నిమిషాలు దాటితే పోట్లాటే. కాగితం మీద రాసుకోండి, కోపమొస్తే పెన్ను పక్కన పెట్టొచ్చు" అని. అందుకే ఇది. తెలుగు రాసి పదేళ్లయింది. ఒత్తులు తప్పితే నవ్వకు.

ఇక్కడ అప్పుడే చలి మొదలైంది. రెండు వారాల కింద పొద్దున్నే సిరిని వెంటబెట్టుకుని, గ్యారేజ్‌కి కావాల్సిన పార్టు ఒకటి తేవడానికి ఊరి బయటికి డ్రైవ్ చేస్తున్నా. రోడ్డు మీద మంచు గడ్డ కట్టి ఉంది. కారు జారి కాలవలోకి దిగింది. దెబ్బలేం తగల్లేదు గానీ సిరి భయపడిపోయింది. నాలుగేళ్లే కదా మా పాపకి. అరగంట ఎవరూ ఆగలేదు. చివరికి క్లైవ్ అనే పెద్దాయన ట్రాక్టర్ తెచ్చి కారుని పైకి లాగాడు. డెబ్భై దాటిన రైతు. మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య మార్జరీ సిరికి దుప్పటి కప్పి వేడివేడి సూప్ తాగించింది. నాకోసం ప్రార్థన చేశారు.

అక్కా, పాలిటెక్నిక్‌లో చదువుకోడానికి వచ్చి ఎనిమిదేళ్లు. గ్యారేజ్‌లో అందరూ "హౌ ఆర్ యూ మేట్" అంటారు, జవాబు వినేలోపే వెళ్లిపోతారు. నన్ను కూర్చోబెట్టి, మీ అమ్మ పేరేంటి, మీ నాన్న ఎలా పోయాడు అని అడిగిన మొదటి కివీ మనిషి ఈయనే. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లింట్లో బైబిల్ స్టడీ. ఐదారు కుటుంబాలు వస్తాయి. మొన్న నన్ను తెలుగులో పాట పాడమన్నారు. పాడుతుంటే మార్జరీ కళ్లు తుడుచుకుంది.

కీర్తనకి మాత్రం వాళ్లు నచ్చలేదు. ఎందుకో చెప్పదు.

మీ తమ్ముడు,
విజయ్


మనురేవా,
ఆక్లాండ్,
26 మే 2024

ఒరే చిన్నోడా,

నీ ఒత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి, నీ కారు టైర్లే సరిగ్గా లేవేమో చూసుకో. మెకానిక్ అయ్యుండి కాలవలో పడ్డావని బావ రెండ్రోజులు నవ్వాడు. నేను మాత్రం ఆ ట్రాక్టరాయన కోసం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అమ్మ ఉంటే ఆయన పేరున కానుక వేసేది.

నీకు దేవుడి మాట చెప్పుకునే ఇల్లు దొరికింది, అది చాలు నాకు. కీర్తనకి నచ్చలేదంటే చలికి బద్ధకమై ఉంటుంది. ఆ పిల్లకి మొదట్నుంచీ చర్చి అంటే పెద్ద పట్టింపు లేదు, నేను చూస్తూనే ఉన్నా. నువ్వు గట్టిగా చెప్పి తీసుకెళ్లు. అన్నట్టు వాళ్లది ఏ మిషనో రాయలేదు. బాప్టిస్టులా, బ్రదరన్ వాళ్లా?

ఇక్కడ నా సంగతి. మా ముసలివాళ్ల రెస్ట్ హోమ్‌లో నన్ను కొత్త వింగ్‌లో వేశారు. అక్కడ ఒక పెద్దావిడ ఉంది, మిసెస్ అడ్లర్. తొంభై ఒకటి. ఆవిడ మొదటి పేరేమిటో తెలుసా, ఎస్తేర్. మన అమ్మ పేరే. నేనా మాట చెబితే "ఇండియాలో ఎస్తేరా" అని తెగ ముచ్చటపడింది. ఆవిడ యూదురాలు. ఆరేళ్లప్పుడు వియన్నా నుంచి అమ్మానాన్నలతో ఓడెక్కి వచ్చిందట. నాయనమ్మకి కాగితాలు దొరకలేదు, ఆమె అక్కడే ఉండిపోయింది. ఆమెకేమైందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

నాకైతే బైబిల్లో మనుషుల్ని ఎదురుగా చూసినట్టుంది. స్నానం చేయిస్తుంటే నీళ్లు వేడెక్కువని తిడుతుంది, చల్లగా ఉన్నాయనీ తిడుతుంది. అచ్చం అమ్మే.

గోంగూర టబ్‌లో నాలుగు మొక్కలు బతికాయి. సిరికి ముద్దులు.

అక్క


ఇన్వర్‌కార్గిల్,
16 జూన్ 2024

ప్రియమైన అక్కకి,

నువ్వు రాసింది చదివి నాకు కొంచెం భయమేసింది. కోప్పడకుండా విను.

వాళ్లది ఏ మిషనూ కాదు. మిషన్లన్నీ అసలు సత్యం దాచేశాయంటాడు క్లైవ్. ఇశ్రాయేలులో తప్పిపోయిన పది గోత్రాలున్నాయి కదా, వాళ్లు ఎక్కడికీ పోలేదట. నడుచుకుంటూ యూరప్ దాటి బ్రిటన్ చేరారట. ఈ దేశానికి వచ్చిన తెల్లవాళ్లు వాళ్ల సంతానమే. ఇప్పుడు యూదులమని చెప్పుకునేవాళ్లు అసలు యూదులే కారట. ఏదెనులో పాము వల్ల హవ్వకి పుట్టిన కయీను వంశమట వాళ్లది. బ్యాంకులూ, యుద్ధాలూ, టీవీలూ అన్నీ వాళ్ల చేతిలోనే ఉన్నాయట. ఆయన చెబుతుంటే ప్రతిదానికీ బైబిల్లో వచనం చూపిస్తాడక్కా. చిన్నప్పుడు సండే స్కూల్లో మనకి ఎవరూ ఇలా విడమరిచి చెప్పలేదు.

అందుకని ఆ ముసలావిడతో జాగ్రత్తగా ఉండు. సేవ చెయ్, తప్పులేదు. మనసులో మాటలు చెప్పకు, ఇంటి విషయాలు అసలే చెప్పకు. క్లైవ్ రాసిన పుస్తకం ఒకటి పంపుతున్నాను, చిన్నదే. నింపాదిగా చదువు.

నువ్వన్నట్టే కీర్తనకి గట్టిగా చెప్పాను. మీ అక్క కూడా అదే అంది అన్నాను. అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంటోంది. ఆదివారం వచ్చేసరికి సిరికి జలుబంటుంది. ఆగస్టులో పిల్లల్ని దేవుడికి సమర్పించే ప్రతిష్ఠ ఆరాధన ఉంది, సిరిని కూడా చేర్చమని క్లైవ్‌ని అడగబోతున్నా. అప్పుడైనా కీర్తన మారుతుందని ఆశ.

దేవుడు నీకు తోడుండాలి.

విజయ్


మనురేవా,
7 జులై 2024

విజయ్,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. కీర్తన చెప్పిన పెన్ను పక్కన పెట్టే పద్ధతి పాటించాను. ఇది మూడోది.

నువ్వు పంపిన పుస్తకం నేను చదవలేదు. అక్షరాలు మరీ సన్నం, పైగా ఇంగ్లిషు. టీ టైమ్‌లో చూద్దామని డ్యూటీకి పట్టుకెళ్లాను. లాంజ్‌లో తెరిచానో లేదో ఎవరో బెల్లు కొట్టారు. బల్ల మీద పెట్టి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అది మిసెస్ అడ్లర్ చేతిలో ఉంది.

ఆవిడ అరవలేదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, "జ్యోతీ, ఇది నేను చిన్నప్పుడే చూశాను. అప్పుడు జర్మన్‌లో ఉండేది. మా వీధి గోడకి అంటించేవాళ్లు" అంది. తర్వాత "ఇది నీదా?" అని అడిగింది.

నేనేం చెప్పానో తెలుసా? దొరికిందన్నాను. ఎక్కడో బస్‌స్టాప్‌లో దొరికిందన్నాను. అబద్ధం. ఆవిడకి తెలిసిపోయింది. ఆ రోజు స్నానానికి నన్ను రానివ్వలేదు. వేరే అమ్మాయిని పిలిపించుకుంది. తలుపు బయట టవల్ పట్టుకుని నిలబడ్డాను రా నేను.

ఈలోగా ఇంకెవరో చూసి మేనేజర్‌కి చెప్పారు. ఎవరిచ్చారని అడిగితే నాదే అన్నాను. నాకు రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు. పదకొండేళ్ల ఉద్యోగంలో ఇదే మొదటిది. దానికి ఏడవలేదు. ఇంటికొచ్చి డిక్షనరీ దగ్గర పెట్టుకుని ఆ పుస్తకం మొత్తం చదివాను. అప్పుడు ఏడ్చాను. నా తమ్ముడు ఇది చదివి, బాగుందనుకుని, కవర్లో పెట్టి, స్టాంపు అంటించి నాకు పంపాడని.

ఏసుప్రభువుని కన్న తల్లి ఎవరు విజయ్? ఆ ఒక్క ప్రశ్నకి మీ క్లైవ్‌ని జవాబు చెప్పమను.

అక్క


ఇన్వర్‌కార్గిల్,
14 జులై 2024

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది శుక్రవారం. గురువారం క్లైవ్ ఇంటికి పోలీసు ఆఫీసర్ వచ్చాడు. లెటర్ బాక్సుల్లో పుస్తకాలు వేస్తున్నది ఎవరని అడిగాడట. డెబ్భై దాటిన మనిషిని. మార్జరీ భయంతో వణికిపోయింది.

పుస్తకం నీదేనని మేనేజర్‌కి చెప్పినట్టు రాశావు. తర్వాత ఇంకెవరికి ఏం చెప్పావో రాయలేదు. ఆ పుస్తకం సంగతి ఈ ఊరు దాటి తెలిసినదానివి నువ్వొక్కదానివే. కాలవలో పడి ఉన్నప్పుడు లాగినవాణ్ణి నా చేతనే పట్టించావు. పరాయి ముసలావిడ నీకు అమ్మయింది, తమ్ముడు దొంగయ్యాడు.

ఇక రాయొద్దు.

విజయకుమార్


మనురేవా,
28 జులై 2024

నాన్నా విజయ్,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకపోతే కీర్తనకివ్వు.

పోలీసులకి నేను చెప్పలేదు. నీ పేరు ఈ ఊళ్లో ఎవరికీ తెలీదు. అమ్మ మీద ఒట్టు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. కానీ లెటర్ బాక్సుల్లో వేస్తున్నారన్న సంగతి నీ ఉత్తరం చదివే దాకా నాకూ తెలీదు. వేసిందెవరు? నువ్వు కాదుగదా?

నాకు బైబిల్ నీ అంత తెలీదు. తాతయ్య సంగతి తెలుసు. నువ్వు పుట్టేసరికి ఆయన పోయాడు, అందుకని నీకు ఫోటో ఒక్కటే తెలుసు. ఆయన అసలు పేరు పోలయ్య. రేపల్లె దగ్గర మాలపల్లెలో పుట్టి, ఎనిమిదో ఏట ఒక ఆసామి దగ్గర పాలేరుగా చేరాడు. దాహమేస్తే దోసిలి పట్టాలి, వాళ్లు పైనుంచి పోస్తారు. బడి కిటికీ బయట నిలబడి అక్షరాలు విన్నాడు. ఒకసారి ఆసామిని ఇదేమిటయ్యా అని అడిగితే ఆయన కొట్టలేదట, తిట్టలేదట. మెత్తగా చెప్పాడట. "దేవుడు ఎవరి చోటు వాళ్లకిచ్చాడు రా పోలయ్యా. నీ చోట్లో నువ్వు మంచివాడివి." కొడితే మర్చిపోయేవాణ్ణి అనేవాడు తాతయ్య. ఆ మెత్తని మాట చచ్చేదాకా మర్చిపోలేదు. చివరికి పాదిరిగారు చాప మీద పక్కన కూర్చోబెట్టుకుంటే, ఆ చాప కోసం యోహానయ్యాడు.

పుట్టుక బట్టి మనిషికి విలువ కట్టే దేవుణ్ణి వదిలించుకుని మన తాత బయటికొచ్చాడు. నువ్వు ఏడు సముద్రాలు దాటి వెళ్లి ఆ దేవుడి దగ్గరే కూర్చున్నావు.

యూదుల సంగతి కాసేపు పక్కన పెట్టు. తెల్లవాళ్లు దేవుడి బిడ్డలు, యూదులు పాము బిడ్డలు. మరి మనమెవరం? వాళ్ల పుస్తకంలో మన చోటెక్కడుంది? అది అడుగు.

ఇంకొకటి. నిన్న కీర్తనకి ఫోన్ చేశాను. బద్ధకమని, పట్టింపు లేదని ఆ పిల్ల గురించి నేను రాసిందంతా తప్పు. క్షమించమని అడిగాను. తను ఒక విషయం చెప్పింది. అది తన నోట వినాలి, నేను రాయను. నువ్వు సంతోషంగా ఉన్నావని ఇన్నాళ్లు దాచుకుందట. ఈ రాత్రికే అడుగు.

నీ మీద కోపం తగ్గలేదు. ప్రేమా తగ్గలేదు.

అక్క


ఇన్వర్‌కార్గిల్,
25 ఆగస్టు 2024

అక్కా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక నెల్లాళ్లు గడిచింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పుస్తకాలు వేసింది నేనే. జూన్‌లో మూడు శనివారాలు, క్లైవ్ ఇచ్చిన పెట్టె కారు డిక్కీలో పెట్టుకుని తొమ్మిది వీధులు తిరిగాను. ఆయన మోకాళ్లు నొప్పి, నేను వేస్తానన్నాను. పోలీసులకి ఫోన్ చేసింది కీర్తన. అది కూడా తనే చెప్పింది, నీ ఉత్తరం తన చేతిలో పెట్టిన రాత్రి. "నువ్వు వేస్తున్నావని చెప్పలేదు, పుస్తకం మీదున్న అడ్రసు చదివాను అంతే. నువ్వు ఆగుతావనుకున్నాను" అంది. నిన్ను అన్న మాటలకి నన్ను క్షమించు. ఈ వాక్యం ముందే రాయాల్సింది.

తర్వాత సిరి సంగతి చెప్పింది. ఆదివారం మేము పెద్దవాళ్లం హాల్లో కూర్చుంటే, ముందు గదిలో మార్జరీ పిల్లలకి పాఠం చెప్పేది. సిరి కూడా అందులోనే ఉందనుకున్నాను. మొదటివారమే మార్జరీ సిరిని చెయ్యి పట్టుకుని వంటింట్లో ఉన్న కీర్తన దగ్గరికి తెచ్చి, "ఇది దేవుడి నిబంధన ఉన్న వంశాల పిల్లల పాఠం, తను ఇక్కడ బొమ్మలకి రంగులేసుకుంటుంది" అందట. నవ్వుతూ, బిస్కెట్ ఇచ్చి మరీ. అలా మూడు వారాలు. నాలుగో వారం సిరి తలుపు సందులోంచి చూస్తుంటే తలుపు వేసేశారు. కీర్తన ఇక వెళ్లలేదు.

మర్నాడే క్లైవ్ ఇంటికెళ్లాను. గొర్రెలకి గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి సంతోషించాడు. ప్రతిష్ఠకి సిరి పేరు రాశారా అని అడిగాను.

"ఆ ఆరాధన వాళ్ల కోసం కాదు విజయ్," అన్నాడు.

"వాళ్లంటే?"

ఆయన చేతిలో గడ్డి కింద పెట్టాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆదాము కంటే ముందే, పొలం జంతువులతోపాటు దేవుడు వేరే మనుషుల్ని చేశాడట. నల్లవాళ్లు, గోధుమరంగు వాళ్లు. మనకి ఆత్మ ఉందో లేదో గ్రంథం తేల్చలేదట. రెండో పుస్తకంలో రాశాడట, నాకివ్వలేదు, నొచ్చుకుంటానని.

"మరి నన్నెందుకు పిలిచారు?" అన్నాను.

"నువ్వు మంచి మనిషివి. దేవుడు ప్రతివాడికీ ఒక చోటిచ్చాడు. నీ చోట్లో నువ్వు మాకందరికీ ఇష్టం."

అక్కా, నీ ఉత్తరం అప్పుడు నా జేబులోనే ఉంది. నాకు కోపం రాలేదు. ఆయన మొహంలో ద్వేషం వెతికాను, కనబడలేదు. కాలవలోంచి లాగిన రోజు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. నన్ను నిజంగా ఇష్టపడుతూనే నా కూతుర్ని వంటింట్లో కూర్చోబెట్టాడు.

"మా తాతకి కూడా ఒకాయన ఇదే చెప్పాడు," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. వచ్చేశాను.

కానీ ఇంటికి డ్రైవ్ చేస్తుంటే ఇంకో మాట తొలవడం మొదలుపెట్టింది. నన్ను జంతువన్నాడని తెలిశాకే నాకు నొప్పి తగిలింది. ఆ ముసలావిణ్ణి పాము బిడ్డ అన్నప్పుడు తగల్లేదు. హాయిగా విన్నాను. స్టాంపు అంటించాను. ఇది దేవుడికెలా చెప్పుకోవాలో తెలీడం లేదు.

నీ తమ్ముడు


మనురేవా,
8 సెప్టెంబరు 2024

చిన్నోడా,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. చివరి పేరా దగ్గర ఆయన లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాడు.

నేను చేసిన పని చెబుతాను. మంగళవారం మిసెస్ అడ్లర్ గదికెళ్లి, "పుస్తకం బస్‌స్టాప్‌లో దొరకలేదు, మా తమ్ముడు పంపాడు" అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను, సిరి వంటింటి దాకా. ఆవిడ క్షమించేస్తుందని, నన్ను దగ్గరికి తీసుకుంటుందని నాలో ఎక్కడో ఆశ ఉంది, దాచడం దేనికి. అలాంటిదేం జరగలేదు.

"నీ అబద్ధం నన్ను పుస్తకం కంటే ఎక్కువ బాధపెట్టింది. నీ చేతుల్ని నమ్మాను కదా," అంది. నేను తల వంచుకున్నాను. తర్వాత అడిగింది, "ఎన్ని ఇళ్లలో వేశాడు?"

తెలీదన్నాను.

"అతనికి తెలుసా? ఆ ఇళ్లలో ఎవరుంటారో చూశాడా? మా గోడకి అంటించినవాడు మా వీధివాడే. మమ్మల్ని చూసి మర్యాదకి టోపీ తీసేవాడు. కానీ ఒక్కసారీ తలుపు తట్టలేదు."

అంతే అంది. నిన్న మాత్రం స్నానానికి నన్నే పిలిచింది. నీళ్లు వేడెక్కువని తిట్టింది.

నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. చెబితే మళ్లీ పోట్లాట.

కీర్తనకి ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాను. నా మాట మీద ఆ పిల్లని తిట్టావు కాబట్టి సగం పాపం నాది, సగం పచ్చడి నీకు లేదు.

అక్క


ఇన్వర్‌కార్గిల్,
20 అక్టోబరు 2024

అక్కా,

రెండు వందల పదమూడు ఇళ్లు. మిసెస్ అడ్లర్‌కి చెప్పు. లేదా నేనే చెబుతాను, చివర్లో రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన శనివారమే మొదటి వీధికెళ్లాను. మొదటి గేటు ముందు పావుగంట నిలబడ్డాను. రాత్రి ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు రాసుకుని బట్టీ పట్టాను. "జూన్‌లో మీ లెటర్ బాక్సులో ఒక పుస్తకం వేసింది నేను. అందులో యూదుల గురించి రాసింది అబద్ధం, దుర్మార్గం. వేసినందుకు సిగ్గుపడుతున్నాను. అది చెప్పడానికే వచ్చాను." కీర్తన వస్తానంది, వద్దన్నాను. రెండో శనివారం చెప్పకుండా వచ్చి కార్లో కూర్చుంది.

చాలామందికి ఆ పుస్తకం గుర్తే లేదు. చెత్తలో వేశామన్నారు. ఒకావిడ నేను ఏదో అమ్మడానికొచ్చానని తలుపు తియ్యలేదు, కిటికీలోంచి నాలుగు వాక్యాలూ విని సరేనన్నట్టు బొటనవేలు పైకెత్తింది. ఒక మావోరీ ముసలాయన, ఈ నేల అసలు మనిషి, లోపలికి పిలిచి టీ ఇచ్చాడు, మా తాత సంగతి అడిగి, వాళ్ల తాత సంగతి చెప్పాడు. ఒకతను మాత్రం "ఎందుకు సారీ? బాగుంది, ఇంకోటి ఉందా?" అన్నాడు. అతను నా దగ్గరే కారు సర్వీసింగ్ చేయించుకుంటాడు. ఆ రోజు ఇక ఏ ఇంటికీ వెళ్లలేకపోయాను. నేను వేసిన గింజ ఒకటి మొలిచిందక్కా. పీకడం నా చేతిలో లేదు.

ఏడో వీధిలో ఒక ఇల్లు. ఒకామె తలుపు తీసింది. నాలుగు వాక్యాలు చెప్పాను. ఆమె మొహం రంగు మారింది. "మా ఆయన యూదు. ఈ పుస్తకం మా అబ్బాయికి దొరికింది. మనం ఎవరమో వాళ్లకి ఎలా తెలిసింది, మన ఇల్లే చూసి వేశారా అని వాడు నెల రోజులు అడిగాడు" అంది. అన్ని ఇళ్లలోనూ వేశానని చెప్పాను. తెలిసి వేయలేదన్నాను. అంటుంటే అది ఎంత చిన్న మాటో నాకే వినబడింది.

"మా ఆయన అరగంటలో వస్తాడు. ఇదంతా ఆయన ముందు మళ్లీ చెప్పగలవా?" అంది.

మెట్ల మీద నిలబడ్డాను. వాన మొదలైంది. లోపలికి రమ్మనలేదు, రమ్మన్నా వెళ్లేవాణ్ణి కాను. ఆయన వచ్చాడు. బ్యాగు కింద పెట్టకుండానే విన్నాడు. రాసుకున్న నాలుగు వాక్యాలు మర్చిపోయాను. నా ఇంగ్లిషు తడబడింది. సిరి సంగతి చెప్పబోయి ఆగిపోయాను. నా గాయం చూపించి ఆయన చేత అయ్యో అనిపించుకోడానికి రాలేదు కదా అనిపించింది.

ఆయన "సరే. విన్నాను" అన్నాడు. తలుపు వేసుకున్నాడు. గట్టిగా కాదు, మెల్లగా కాదు. మామూలుగా.

కారు తాళాలు కీర్తన చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చున్నాను. కీర్తన డ్రైవ్ చేసింది. ఇంకా రెండు వీధులున్నాయని నేనే గుర్తు చేశాను. నిన్నటితో అయ్యాయి.

క్లైవ్ నుంచి ఒక కార్డు వచ్చింది, మీ కోసం ప్రార్థిస్తున్నామని. జవాబు రాయలేదు. ఇక్కడ పిల్లలందరూ ఒకే గదిలో పాఠం వినే చర్చి ఒకటి చూశాం. రెండు వారాలుగా వెళ్తున్నాం. నేను వెనక వరసలో కూర్చుంటాను. పాటలు పాడతాను గానీ ప్రసంగం మొదలైతే ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుంటుంది. కాలం పడుతుందేమో.

వచ్చే శుక్రవారం ముగ్గురం ఆక్లాండ్ వస్తున్నాం. శనివారం నీ డ్యూటీ లేదని బావ చెప్పాడు. మిసెస్ అడ్లర్‌ని నేను కలవొచ్చా అని ముందు ఆవిణ్ణే అడుగు. వద్దంటే రెస్ట్ హోమ్ వైపు రాను. సరేనంటే, ఆవిడ ఏం అడిగినా చెబుతాను.

నువ్వు పక్కనే కూర్చో. కానీ అక్కా, నా నోట మాట రాకపోయినా సరే, నా బదులు నువ్వు మాట్లాడకు.

విజయ్